స్థానికుడెవరు?

చెట్టును, చెరువును వేలుపెట్టి చూపించవచ్చు. వెనుకబాటును, స్థానికతను అలా చూపించలేం. ఎవరో ఒకరు గీత గీసి ఇటువైపువాళ్లు వీళ్లు అంటేనే అలాంటి మాట మనుషులకు వర్తిస్తుంది. తెలుగు నేలమీద ఆ గీత పలుమార్లు చెరిగి మళ్లీ పడింది.

హైదరాబాద్ సంస్థానంలో స్థానికుణ్ని ముల్కీ అనేవారు. సర్కారు కొలువులు బయటివాళ్లకు పోతున్నాయన్న గోల పాతదే అయినా, 1919 నాటి నిజాం ఫర్మానా దానికొక లెక్క కట్టింది. బయటినుంచి వచ్చినవాడు పదిహేనేళ్లు ఇక్కడే ఉండాలి. తిరిగి సొంతచోటుకు వెళ్లే ఉద్దేశం మానుకున్నానని ప్రమాణపత్రం కూడా ఇవ్వాలి. మనసులోని ఉద్దేశానికీ కాగితమే సాక్ష్యమైంది! అయితే కాగితం మాటను పూర్తిగా లొంగదీసుకోలేదు. 1952 ముల్కీ ఉద్యమం నాటికి జనం నోట నానింది బోగస్ సర్టిఫికెట్ల సంగతే. కాగితం ఉన్నా ముల్కీ కాడు అనగలిగారంటే, నిబంధన రాయని అర్థమొకటి జనం వాడుకలో అప్పటికే స్థిరపడి ఉందన్నమాట.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరే జై ఆంధ్ర ఉద్యమాన్ని రగిలించింది. 1973లో ఆరు సూత్రాల పథకంతో ఆ నిబంధనలే పోయాయి. రాజ్యాంగంలోకి 371-డి అధికరణం, దానివెంట 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఈసారి కొలత కాపురం నుంచి బడికి మారింది: మెట్రిక్ పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడివాడే.

వరంగల్‌లో పుట్టి ఆరో తరగతి దాకా అక్కడే చదివి, ఏడు నుంచి పది వరకు గుంటూరు హాస్టల్లో ఉన్న పిల్లవాణ్ని తీసుకుందాం. తాతముత్తాతలు వరంగల్‌వాళ్లే అయినా, పాత లెక్కన వాడు గుంటూరు లోకల్. 2018లో తెలంగాణకు వచ్చిన కొత్త ఉత్తర్వులు ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదువును లెక్కలోకి తీసుకోవడంతో, అదే పిల్లవాడు వరంగల్ లోకల్ అవుతాడు. మనిషి మారలేదు, ఊరు మారలేదు. మారిందల్లా స్టడీ సర్టిఫికెట్లో ఏ తరగతులు చూడాలన్నదే.

రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు తరలివెళ్లినవారి విషయంలో బడి లెక్క కూడా పక్కకు పోయింది. 2014 జూన్ 2 నుంచి మూడేళ్లలోపు వెళ్లినవారిని స్థానికులుగానే చూడాలన్నారు. ఆ గడువును తర్వాత పొడిగించారు.