నవల పేరు వేశాం, హీరో పేరు వేశాం... మాటలు రాసినాయన పేరేదీ?



పోయిన నెల మన హాల్లో ‘ప్రేమనగర్’ (1971) వేసుకున్నాం. ఆహ్వానపత్రంలో కోడూరి కౌసల్యాదేవి నవల అని వేశాం. అక్కినేని, వాణిశ్రీ బొమ్మలు వేశాం. దర్శకుడు ప్రకాశరావు, నిర్మాత రామానాయుడు పేర్లు వేశాం. మాటలు రాసిన ఆత్రేయ పేరు మాత్రం ఎక్కడా లేదు. తప్పు ప్రెస్సువాళ్లది కాదు, మనదే. ప్రూఫు చూసింది మనమే.

సినిమా అయ్యాక టీ తాగుతూ మనం అప్పజెప్పుకున్నవి ఏమిటి? డైలాగులే! అవి ఎవరి కలంలోంచి వచ్చాయని ఒక్కరమూ అడగలేదు.

నవలలో మనసులోని మాట పేజీలకొద్దీ నడుస్తుంది. తెరమీద మనసు కనపడదు. ఆ పేజీలను ఒక చూపుగా, ఒక గొడవగా, రెండు ముక్కల మాటగా మార్చాలి. ఏ పాత్రను తీసేయాలో, ఏ సంఘటనను ముందుకు తేవాలో ఎవరో కూర్చుని తేల్చాలి. ‘ఉన్న కథేగా, ఎత్తి రాయడమేగా’ అనేవాళ్లు ఏదైనా నవలలో ఒక్క అధ్యాయాన్ని సీనుగా రాసి చూపించండి.

శరత్ ‘దేవదాసు’ 1917లో వచ్చిన బెంగాలీ నవల. 1953 సినిమాలో ఆ మనుషులు మన ఊరివాళ్లలా మాట్లాడారంటే అది సముద్రాల రాఘవాచార్య చలవ. ‘ప్రేమనగర్’ మరుసటి ఏడాదే తమిళంలో ‘వసంత మాళిగై’ అయింది. కథ అదే, దర్శకుడూ ఆయనే. అయినా శివాజీ గణేశన్ నోట పలకాలంటే మాట తమిళంలో మళ్లీ పుట్టాల్సిందే.

సినిమా బాగోలేకపోతే ‘నవలను చెడగొట్టారు’ అంటాం. బాగుంటే ‘నవల గొప్పది’ అంటాం. తిట్లు సినిమా రచయితకు, మెప్పు ఇంకొకరికి. ఇదెక్కడి న్యాయం? ఆస్కార్‌లో సొంతంగా అల్లిన స్క్రీన్‌ప్లేకు ఒక బహుమతి, నవలల వంటి వాటి నుంచి మలిచినదానికి వేరే బహుమతి ఉన్నాయి. అదొక విడి పని అని వాళ్లు ఎప్పుడో ఒప్పుకున్నారు.

నవలా రచయిత్రిని తగ్గించమని మేం అనడం లేదు. పక్కన ఇంకో పేరు పెడితే ఆమె గొప్పతనం తరగదు. ఆత్రేయ, సముద్రాల పనిచేసింది ఈ మద్రాసులోనే. ఆ ఊళ్లోనే ఉంటున్న తెలుగువాళ్లం మనమే మరిచిపోతే ఇంకెవరు తలుచుకుంటారు?

మేం కోరేది రెండే. ఇకపై ప్రతి ఆహ్వానపత్రంలో స్క్రీన్‌ప్లే, మాటలు రాసినవారి పేర్లు వెయ్యాలి. సినిమాకు ముందు నవలలోని ఒక ఘట్టం చదివి, తెరమీద అదెలా మారిందో ఒక పదినిమిషాలు మాట్లాడుకోవాలి. వచ్చే సమావేశంలో దీన్ని తీర్మానంగా పెడుతున్నాం. కాదనేవాళ్లు కారణంతో రండి.