డెబ్బై దాటాక... గురి కుదిరింది!

1993 నవంబరు 15. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఓ వ్యాయామశాల. డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన బాస్కెట్‌బాల్ రింగుకు ఎదురుగా నిలబడ్డాడు. బంతిని మూడుసార్లు నేలకు కొట్టాడు. మోకాళ్లు వంచి రింగు వైపు వేశాడు. పడింది. మళ్లీ మూడుసార్లు కొట్టాడు, వేశాడు. అదీ పడింది. అలా పదీ ఇరవై కాదు, వరసగా 2,750! ఒక్కటంటే ఒక్కటీ తప్పలేదు. పన్నెండు గంటలు గడిచాక ఆపాడు. అదీ అలసిపోయి కాదు, జిమ్ మూసే వేళైందన్నారని!

ఆయన పేరు టామ్ ఆంబెరీ. పాదాల వైద్యుడు. కుర్రతనంలో బాస్కెట్‌బాల్ బాగా ఆడేవాడు. మినియాపొలిస్ లేకర్స్ జట్టు రమ్మని పిలిచినా కాదని వైద్యం చదివాడు. దశాబ్దాల పాటు రోగుల పాదాలు చూసి, రిటైరయ్యాక మళ్లీ బంతి పట్టాడు. అదీ ఒకే ఒక్క విద్య కోసం... ఫ్రీ త్రో.

అవతలి జట్టు ఫౌల్ చేసినప్పుడు దొరికే అవకాశమే ఫ్రీ త్రో. ఎవరూ అడ్డురారు. బోర్డుకు 15 అడుగుల దూరంలో ఉన్న గీత వెనక నిలబడి, 10 అడుగుల ఎత్తులోని రింగులోకి బంతి వేయాలి. రింగు వెడల్పు 18 అంగుళాలు, బంతిది సుమారు తొమ్మిదిన్నర. చూడ్డానికి ఎంత తేలికో! అయినా చిన్నప్పట్నుంచీ ఆడుతూ వచ్చిన ఎన్‌బీఏ ఆటగాళ్లు కూడా సగటున నాలుగింట ఒకటి పోగొట్టుకుంటారు.

మరి ఆంబెరీకి ఎలా సాధ్యమైంది? రోజుకు 500 బంతులు వేసేవాడు. కానీ రహస్యం ఆ అంకెలో లేదు. ప్రతి బంతికీ ఏడు మెట్లు పెట్టుకున్నాడు. పాదాలు గీతకు సమంగా ఉండాలి. బంతిని మూడుసార్లు కొట్టాలి. బొటనవేలు బంతి మీది గాడిలో ఆనాలి. మోచెయ్యి లోపలికి ఉండాలి. మోకాళ్లు వంగాలి. చూపు గురి మీద నిలవాలి. బంతి వదిలాక కూడా చెయ్యి చాచే ఉంచాలి. నేలకు కొడుతున్నంత సేపూ బంతికి గాలి నింపే రంధ్రాన్నే చూసేవాడు. అలా చూస్తుంటే మనసులోకి ఇంకో ఆలోచన రాదన్నది ఆయన నమ్మకం.

విచిత్రంగా అదే 1993లో ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త ఇద్దరు సహచరులతో కలిసి ఓ పరిశోధన ప్రచురించాడు. బెర్లిన్ సంగీత విద్యాలయంలోని వయొలిన్ విద్యార్థులను గమనిస్తే, మేటి విద్యార్థులు ఒంటరిగా కూర్చుని చేసిన సాధన మిగతావాళ్లకన్నా ఎక్కువని తేలింది. వచ్చిందే వాయించడం కాదు... రానిదాన్ని పట్టుకుని, తప్పెక్కడో చూసుకుని, దిద్దుకుంటూ చేసే సాధన. సాధనొక్కటే సర్వస్వం కాదని తర్వాతి పరిశోధకులు అన్నారు. నిజమే, నలభై ఏళ్లకు ఎత్తు పెరగం. కానీ ఫ్రీ త్రోకు ఎత్తుతోనూ ఎగరడంతోనూ పెద్దగా పనిలేదు కదా!

పెద్దవాళ్లకు అసలు అడ్డు వయసు కన్నా మొహమాటం. రానిది చేస్తే పదిమందిలో తప్పుతాం. పిల్లలు అది పట్టించుకోరు, మనం పట్టించుకుంటాం. దిగ్గజాలకూ ఇది తప్పలేదు. విల్ట్ చాంబర్లిన్ 1962 మార్చి 2న ఒకే మ్యాచ్‌లో వంద పాయింట్లు కొట్టాడు. ఆ రోజు 32 ఫ్రీ త్రోల్లో 28 పడ్డాయి. రెండు చేతులతో కింది నుంచి పైకి విసిరే పద్ధతి అది. కానీ అలా వేయడం నామోషీగా అనిపించి మానేశాడు. కెరీర్ మొత్తమ్మీద ఆయన ఫ్రీ త్రోలు దాదాపు సగం తప్పాయి. మానేయడం తన పొరపాటేనని తర్వాత ఆత్మకథలో ఒప్పుకున్నాడు.

ఆంబెరీ రికార్డును 1996లో టెడ్ సెయింట్ మార్టిన్ 5,221 బంతులతో దాటేశాడు. ఆంబెరీ 2017లో, 94 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన మెట్లు మాత్రం ఎవరైనా ఎక్కొచ్చు.

మీకూ సరదా ఉంటే మొదట రింగుకు అయిదారడుగుల దూరం నుంచే మొదలుపెట్టండి. భుజాలూ మోకాళ్లూ కాస్త వదులు చేసుకున్నాకే బంతి పట్టండి. పది వేసి, ఎన్ని పడ్డాయో రాసుకోండి. బంతి రింగుకు అందకపోతే మోకాళ్లు సరిగా వంగాయో లేదో, పక్కకు పోతుంటే మోచెయ్యి ఎటు తిరిగిందో చూసుకోండి. ఒకసారికి ఒక తప్పే దిద్దుకోండి. ధ్యాస చెదిరితే ఆపేయండి. మెట్టు పడిన కొద్దీ ఒక్కో అడుగు వెనక్కి జరగండి.

ఈ సాయంత్రం పిల్లల్నడిగి బంతి తీసుకోండి. మొదటి పదీ తప్పితే వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. పదకొండోది ఎందుకు తప్పిందో మాత్రం చూసుకోండి!