సొంతిల్లు: గోడల దగ్గరే ఆగిపోకుండా...

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఆ మాటలో బరువెంతో తెలియాలంటే కంభం, గిద్దలూరు, మార్కాపురం ఊళ్ల చివర కొత్త ప్లాట్ల వైపు ఓసారి వెళ్తే చాలు. కంపచెట్లు మొలిచిన బేస్‌మెంట్లు, స్లాబు పడని గోడలు, తుప్పు పట్టిన ఊచలతో నిలబడ్డ పిల్లర్లు కనిపిస్తాయి.

విడతలుగా ఇల్లు కట్టుకోవడంలో తప్పేం లేదు. ఇక్కడ రాబడే విడతలుగా వస్తుంది. గుండ్లకమ్మ మీది కంభం చెరువు నిండిన ఏడాది ఆయకట్టు రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. నిండని ఏడాది పునాది తవ్వే ధైర్యం రాదు. చిక్కల్లా ఎక్కడ ఆపాలో తెలియకపోవడంతోనే!

డబ్బూ విడతలుగానే

ప్రభుత్వ ఇళ్ల పథకాల్లోనూ దశ పూర్తయితేనే బిల్లు. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన పేదల ఇళ్ల పథకంలో ఒక్కో ఇంటికి రూ.1.80 లక్షలు ఖరారు చేశారు. అది చాలక ఎన్నో ఇళ్లు మధ్యలో నిలిచాయి. వాటిని పూర్తి చేసుకునేందుకు 2025 మార్చిలో ఎస్సీ, బీసీలకు రూ.50 వేలు, ఎస్టీలకు రూ.75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు రూ.లక్ష అదనంగా ప్రకటించారు.

బ్యాంకు రుణమూ అంతే. ఇల్లు పూర్తికాకున్నా, ఇచ్చినంత సొమ్ముకు వడ్డీ పడుతుంది. రూ.10 లక్షలు తీసుకున్నారనుకుందాం. 9 శాతం చొప్పున నెలకు వడ్డీ రూ.7,500. అద్దె మరో రూ.4,000. ఆరు నెలలు పని ఆగితే రూ.69 వేలు ఆవిరి!

ఎక్కడ ఆపొచ్చు?

* కట్టేది రెండు గదులే అయినా మొత్తం ఇంటి ప్లాను ముందే గీయించాలి. పైన అంతస్తు వేసే ఆలోచన ఉంటే ఆ సంగతి ఇంజినీరుకు పునాదికి ముందే చెప్పాలి. ఆనక పునాదిని పెంచడం అయ్యే పని కాదు. అనుమతి గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోవాలి.

* గుంతలు తవ్వి వదిలేయొద్దు. వానకు అంచులు విరిగి పడతాయి. నల్లరేగడి నేలైతే మరీ ఇబ్బంది. ప్లింత్ బీము వేసి, మట్టి నింపి, తడిపి, దిమ్మిస కొట్టించాక ఆపితే నష్టం లేదు. ఒక వానాకాలం గడిస్తే మట్టి బాగా సర్దుకుంటుంది.

* గోడలు లేచాక స్లాబు దాకా వెళ్లాల్సిందే. అంత డబ్బు చేతిలో లేకపోతే గోడలు మొదలుపెట్టకపోవడమే మంచిది.

* స్లాబు పోసేలోపే కరెంటు పైపులు, ఫ్యాను కొక్కేలు అమర్చాలి. మామూలు సిమెంటుతో వేసిన 15 అడుగుల లోపు స్లాబుకు కనీసం 7 రోజులు, 20 అడుగుల లోపు బీములకు 14 రోజులు పోటీలు తీయకూడదు. ఇంజినీరు చూసి సరేనన్నాకే సెంట్రింగు విప్పించాలి.

* ఈ ప్రాంతపు ఎండల్లో స్లాబును కనీసం 10 రోజులు తడపాలి. రెండు వారాలైతే ఇంకా మంచిది. బోరు ఎండితే ట్యాంకరు తప్పదు. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

* పై అంతస్తు కోసం వదిలిన ఊచలకు సిమెంటు పాలు పట్టించి, పలుచని కాంక్రీటుతో కప్పేస్తే తుప్పు పట్టవు.

ముందు చేరండి

స్లాబు పడ్డాక డబ్బంతా ఎలివేషన్‌కు పోయొద్దు. వంటిల్లు, ఒక గది, మరుగుదొడ్డి, తలుపులు, కరెంటు... ఇవి పూర్తయితే అద్దె మిగులుతుంది. కింద బేతంచెర్ల బండలు పరిపించుకున్నా నిశ్చింతగా ఉండొచ్చు. రంగులు, ప్రహరీ తర్వాతి పంటకు.

మేస్త్రీతో ఒప్పందం కాగితం మీద ఉండాలి. ఏ పని అయ్యాక ఎంత ఇవ్వాలో అందులో రాసుకోవాలి. చివరి పని అయ్యేదాకా కొంత సొమ్ము చేతిలో ఉంచుకోవాలి. సిమెంటు ఏ విడతకు ఆ విడతే కొనాలి. మూడు నెలలు నిల్వ ఉంటే సత్తువ తగ్గుతుంది.

ముగ్గు పోసేముందు ఓ నోటుబుక్కు తీసుకోండి. తర్వాతి విడత డబ్బు ఎక్కడి నుంచి, ఏ నెలలో వస్తుందో రాయండి. రాయలేకపోతే ఈ విడత పని కాస్త తగ్గించుకోండి. పెద్ద ఇల్లు సగంలో ఆగడం కన్నా చిన్నింట్లో పాలు పొంగించడం మేలు కదా!