భక్తపూర్‌లో ఆ రుసుము న్యాయమే

నేపాల్‌లోని భక్తపూర్ పాతబస్తీలో అడుగుపెట్టాలంటే విదేశీయులు రుసుము కట్టాలి. జనం కాపురముంటున్న ఊరికి టికెట్టేమిటని విసుక్కునేవాళ్లు చాలామంది. నా దృష్టిలో ఆ రుసుము ముమ్మాటికీ న్యాయం. 1702లో రాజు భూపతీంద్ర మల్లుడు కట్టించిన ఐదు కప్పుల న్యాతపోల గుడి, ఇటుకలు పరిచిన సందులు, చెక్కడపు కిటికీలు వాటంతటవే నిలిచిలేవు. ఏటా ఏప్రిల్‌లో బిస్కా జాతరకు భైరవుడి రథాన్ని నడిపించేదీ, గుడికి దీపం పెట్టేదీ, పోయినవాళ్లను సాగనంపేదీ గుఠీలనే స్థానిక నేవారుల సంఘాలు. మన దేవుడి మాన్యాల్లాగే, పూర్వులు రాసిచ్చిన భూముల రాబడి వాటికి ఆధారం. 2019లో ప్రభుత్వం గుఠీల మీద పెత్తనం తనకు దఖలుపడేలా బిల్లు తెస్తే కాఠ్మాండూ వీధులు జనంతో నిండిపోయాయి. బిల్లును వెనక్కి తీసుకోక తప్పలేదు. ఆచారం అక్కడ పర్యాటకుల కోసం వేసే వేషం కాదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? జుజు ధౌ అనే పేరుమోసిన పెరుగునే చూడండి. మట్టిపాత్ర నీటిని పీల్చుకుంటేనే అది గడ్డగా తోడుకుంటుంది. ఆ పెరుగుకు గిరాకీ ఉన్నంతకాలం కుమ్మరి సారెకూ పని ఉంటుంది.

ఇదంతా పేదరికానికి పూసిన రంగు అనేవాళ్లున్నారు. ఈ ఆక్షేపణను తేలిగ్గా తీసుకోలేం. 2015 భూకంపంలో న్యాతపోల నిలిచింది కానీ, మట్టి అడుసుతో కట్టిన ఎన్నో పాత ఇళ్లు కూలి మనుషుల ప్రాణాలు తీశాయి. అన్నదమ్ములు ఇళ్లను నిలువునా పంచుకోవడంతో కొన్ని గోడలు ముందే బలం కోల్పోయాయి. అలాంటి ఇంట్లో ఉండి మా కళ్లకు విందు చేయండని ఎవరినీ అడిగే హక్కు మనకు లేదు. లోపల ఉక్కు పట్టీలు, మంచి వంటగది, స్నానాలగది రావాల్సిందే. అయితే వీధి వైపు మాత్రం పాత రూపమే ఉండాలంటే ఇటుకకూ చెక్కపనికీ అయ్యే అదనపు ఖర్చు ఎవరు భరించాలి? చూసి ఆనందించే మనకు అందులో వాటా లేదా? ఆ వాటాను పురపాలక సంఘం వసూలు చేసి మరమ్మతులకు వాడుతోంది.

టికెట్టు పెడితే ఊరు ప్రదర్శనశాల అయిపోతుందనే భయం కూడా ఉంది. ఊరివాళ్లు ఇళ్లు అమ్ముకుని వెళ్లిపోయి, హోటళ్లు మాత్రమే మిగిలిననాడు అది నిజంగా ప్రదర్శనశాల అవుతుంది. అందుకే కాఠ్మాండూ నుంచి వచ్చి ఫొటోలు తీసుకుని సాయంత్రానికి తిరిగిపోయే యాత్రికుడికి నా విన్నపం ఒకటే: రుసుము కట్టండి, ఒక రాత్రి ఆ ఊరివాళ్ల ఇంట బస చేయండి, కుండ కొంటే కుమ్మరి దగ్గరే కొనండి.