‘టు’ ఎక్కడ, ‘ఇంగ్’ ఎక్కడ?

ఆంగ్ల వ్యాకరణం నేర్పే మన పుస్తకాలలో రెండు పట్టికలు తప్పక కనబడతాయి. వాంట్, హోప్, డిసైడ్ వంటి క్రియల తర్వాత ‘టు’ రావాలి. ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్ వంటి వాటి తర్వాత ‘ఇంగ్’ రావాలి. ఎందుకని అడిగిన పిల్లవాడికి దొరికే సమాధానం ఒక్కటే: బట్టీ పట్టు. ఎక్కాల వెనుక కూడికలైనా ఉన్నాయని చెబుతారు గదా, ఇక్కడ అదీ లేదు.

నా మటుకు నాకు ఈ పట్టికలకంటే తెలుగే మంచి గురువనిపిస్తుంది. వెళ్ళాలని అనుకున్నాను, ఆశపడ్డాను, నిశ్చయించుకున్నాను: ఈ మూడింటిలోనూ వెళ్ళడం ఇంకా జరగలేదు. ఆంగ్లంలో మూడుచోట్లా ‘టు గో’యే. చదవడం ముగించాను, మానేశాను అన్నప్పుడు చదవడం అప్పటికే సాగుతున్న పని, అక్కడ ‘రీడింగ్’. ‘టు’ అసలు దిక్కును చెప్పే మాట. ప్రాచీనాంగ్లంలో దాని పక్కనుండే క్రియారూపానికి చతుర్థీ విభక్తి ఉండేది. మన ‘చేయుటకు’లో ‘కు’ చేసే పనీ దాదాపు అదే. ఊరికి బయలుదేరినా, చేయుటకు పూనుకున్నా చూపు ముందుకే.

‘స్టాప్డ్ టు స్మోక్’ అంటే చుట్ట కాల్చడానికి ఆగాడు. ‘స్టాప్డ్ స్మోకింగ్’ అంటే చుట్ట కాల్చడం మానేశాడు. ‘రిమెంబర్డ్ టు లాక్’ అంటే మరచిపోకుండా తాళం వేశాడు. ‘రిమెంబర్డ్ లాకింగ్’ అంటే తాళం వేసినట్టు గుర్తుంది. ఈ తేడాలు తెలుగు పిల్లవాడికి బడిలో చేరకముందే తెలుసు. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడులలో ఆ తెలివిని చెప్పులతోపాటు గుమ్మం బయటే విడిచి రమ్మంటున్నాం. ఆపైన ఆంగ్లం రావడం లేదని వాణ్ణే నిందిస్తున్నాం!

తెలుగు అన్నిచోట్లా దారి చూపదు. ఈదడం నేర్చుకున్నాడంటే ‘లర్న్డ్ టు స్విమ్’. వెళ్దామని సూచించాడంటే ‘సజెస్టెడ్ గోయింగ్’. ఇటువంటివి బట్టీ పట్టక తప్పదు, కాకపోతే పట్టిక చాలా చిన్నదవుతుంది.

‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అని ముగిసే ఉత్తరాల గోల వేరు. ఆ ‘టు’ క్రియది కాదు, వట్టి విభక్తి ప్రత్యయం వంటిది. దాని తర్వాత ‘యువర్ లెటర్’ అని నామవాచకం పెట్టి చూడండి, చక్కగా ఇముడుతుంది. కనుక అక్కడ ‘మీటింగ్’ అనాలి. ‘వాంట్ టు’ తర్వాత అదే ‘లెటర్’ పెట్టి చూడండి, ఇమడదు.