పొట్టి గేరు రాడ్డు కన్నా బిగువైన గేరు రాడ్డు మేలు

చేత్తో గేర్లు మార్చే స్పోర్ట్స్ కార్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి. 2020 మోడల్‌తో రూపం మార్చుకున్న కొర్వెట్‌లో క్లచ్ పెడల్ లేదు. అమెరికాలో 2025 మోడల్ నుంచి గోల్ఫ్ జీటీఐకి మాన్యువల్ గేర్‌బాక్స్ ఇవ్వడం మానేశారు. అయినా మాన్యువలే కావాలని పట్టుబట్టి కొనేవాళ్లున్నారు. ఈ కాలపు ఆటోమేటిక్‌లు మనిషి చేతికంటే వేగంగా గేర్లు మారుస్తాయని వాళ్లకు తెలియక కాదు. గేరు తమ చేతి కింద పడుతున్నట్టు తెలియాలన్నది వాళ్ల కోరిక. ఆ కోరిక మీదే బయటి షిఫ్టర్ల వ్యాపారం నడుస్తోంది. కంపెనీ బిగించిన గేరు రాడ్డునూ దాని కింది అమరికనూ తీసేసి, వేరే తయారీదారు చేసినదాన్ని పెట్టుకోవడం అన్నమాట. డాలస్‌లోనో అట్లాంటాలోనో మస్టాంగ్ కొనుక్కున్న తెలుగు యువకుడు ఇలాంటి షిఫ్టర్ కోసం వెతికితే ప్రకటనల్లో ముందుగా కనిపించేది ఒక శాతం అంకె: రాడ్డు కదలాల్సిన దూరం ఎంత తగ్గుతుందో చెప్పే అంకె. షిఫ్టర్ ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా చివర చూడాల్సింది ఆ అంకెనే అని నా వాదన. రాడ్డు దేనికి బిగించి ఉంది, ఎక్కడెక్కడ ఆడుతోంది, ఒక గేరుకూ పక్క గేరుకూ మధ్య తేడా చేతికి ఎంత స్పష్టంగా తెలుస్తోంది అన్నవి ముందు చూడాలి.

కారణం హైస్కూల్ భౌతికశాస్త్రంలోనే ఉంది. గేరు రాడ్డు ఒక మీట. మధ్యలో ఒక కీలు, పైన మన చెయ్యి, కింద గేర్‌బాక్స్‌లోకి పోయే కొస. పై భాగాన్ని కురచ చేసినా, కింది భాగాన్ని పొడవు చేసినా చెయ్యి కదలాల్సిన దూరం తగ్గుతుంది. కానీ ఆ తగ్గింపు ఉచితంగా రాదు. దూరం 30 శాతం తగ్గితే, లోపల అదే బలం పడడానికి చెయ్యి పెట్టాల్సిన బలం సుమారు 43 శాతం పెరుగుతుంది. దూరం సగమైతే బలం రెట్టింపు. తయారీదారు ఎవరైనా, వాడిన లోహం ఏదైనా ఈ లెక్క మారదు. నగరంలో సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ గంటసేపు నడిపేవాళ్ల మణికట్టుకు ఇది తెలుస్తుంది.

అంతకన్నా ముఖ్యమైనది రాడ్డు కింద, కంటికి కనపడని చోట జరుగుతుంది. 1928లో కాడిలాక్ కార్లతో సింక్రోమెష్ వచ్చాక, గేర్ల వేగాలను తామే కలుపుకోవాల్సిన పాత బాధ డ్రైవర్లకు తప్పింది. గేరు పడేలోపు, తిరుగుతున్న రెండు భాగాల వేగాలూ సమానం కావాలి. ఆ పని శంఖువు ఆకారంలో ఉండే ఒక రింగు రాపిడితో చేస్తుంది. వేగాలు కలిసేదాకా అదే రింగు దారికి అడ్డుగా నిలబడుతుంది, కలిసిన క్షణంలో దారి ఇస్తుంది. రింగు ఎంత త్వరగా పని ముగిస్తుందన్నది దాని మీద పడే ఒత్తిడిని బట్టి ఉంటుంది. పొట్టి రాడ్డు పెట్టి, చెయ్యి మాత్రం పాత బలమే వాడితే లోపలికి చేరే ఒత్తిడి తగ్గుతుంది, కాబట్టి రింగు ఎక్కువసేపు తీసుకుంటుంది. రాడ్డు ప్రయాణం తగ్గి ఆదా అయిన కాలంలో కొంత ఆ అడ్డు దగ్గర ఖర్చయిపోతుంది. పొట్టి షిఫ్టర్ బిగించాక గేరు గట్టిగా, గరుకుగా పడుతోందని చాలామంది అనుకునేది ఇందువల్లే. గేర్‌బాక్స్ చెడిపోలేదు. రింగు చేసే పని ఇంతకుముందూ ఉంది, ఇప్పుడది చేతికి నేరుగా తెలుస్తోంది. అందుకే 'కదలిక 40 శాతం తగ్గింది కాబట్టి గేరు 40 శాతం వేగంగా పడుతుంది' అన్న ఊహకు ఆధారం లేదు.

మరి బయటి షిఫ్టర్ వల్ల నిజంగా ఏం బాగుపడుతుంది? దీనికి మస్టాంగ్ కంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. 2011 మోడల్ నుంచి మస్టాంగ్ జీటీలో గెట్రాగ్ ఎంటీ-82 అనే ఆరు గేర్ల బాక్స్ వస్తోంది. అందులో గేరు రాడ్డు నేరుగా గేర్‌బాక్స్ నెత్తిన కూర్చోదు. కాస్త వెనక, విడిగా ఉండి, ఒక కడ్డీ ద్వారా గేర్‌బాక్స్‌తో మాట్లాడుతుంది. దాని అమరిక ముందు కొస గేర్‌బాక్స్‌ని పట్టుకుని ఉంటుంది, వెనక కొస రబ్బరు బుష్ ద్వారా కారు బాడీని పట్టుకుని ఉంటుంది. మామూలుగా నడిపినంతసేపూ దీంతో ఇబ్బంది లేదు, పైగా గేర్‌బాక్స్ వణుకు చేతి దాకా రాదు. యాక్సిలరేటర్ అదిమి పట్టినప్పుడు సంగతి వేరు. ఇంజినూ గేర్‌బాక్సూ తమ రబ్బరు మౌంట్ల మీద ఒక పక్కకు మెలి తిరుగుతాయి. బాడీని పట్టుకున్న కొస వాటితో సమానంగా తిరగదు. దాంతో నెమ్మదిగా నడిపేటప్పుడు మూడో గేరు ఏ చోట ఉందని చెయ్యి నేర్చుకుందో, పూర్తి వేగంలో సరిగ్గా ఆ చోట ఉండదు. రబ్బరు బుష్ నలిగే కొద్దీ ఈ తేడా పెరుగుతుంది. గేరు తప్పిందంటే డ్రైవర్ తననే తిట్టుకుంటాడు. తప్పులో సగం వాటా ఆ బుష్‌ది.

ఇది కేవలం సుఖానికి సంబంధించిన సంగతి కాదు. మూడో గేరులో 7,000 ఆర్‌పీఎం దగ్గర నాలుగోదానికి లాగబోయి, రాడ్డు ఒక గడి పక్కకు జారి రెండులో పడిందనుకోండి. ఎంటీ-82 తొలి మోడళ్లలో రెండో గేరు నిష్పత్తి 2.43, మూడోది 1.69, నాలుగోది 1.32. నాలుగు పడి ఉంటే ఇంజిన్ సుమారు 5,500 దగ్గరికి దిగేది. రెండు పడితే, క్లచ్ వదలగానే చక్రాలే ఇంజిన్‌ని 10,000 దాటించి తిప్పుతాయి. వాల్వులు పిస్టన్లకు తగలొచ్చు, కనెక్టింగ్ రాడ్డు విరగొచ్చు. కంప్యూటర్ పెట్టే రెవ్ లిమిటర్ పెట్రోల్‌ని ఆపగలదు గానీ, చక్రాల వైపు నుంచి వచ్చే తిప్పుడును ఆపలేదు. అమెరికా కుర్రాళ్లు దీన్ని 'మనీ షిఫ్ట్' అంటారు, ఆ పొరపాటు ఖరీదు కొత్త ఇంజినే కాబట్టి. ఇప్పుడు ఆలోచించండి: ముందుకూ వెనక్కూ కదలికతో పాటు పక్కల కదలికనూ కుదించేసిన షిఫ్టర్ ఈ ప్రమాదాన్ని తగ్గిస్తుందా, పెంచుతుందా? రెండు గడుల మధ్య ఎడం తగ్గి, రాడ్డును మధ్యకు తెచ్చే స్ప్రింగు మాత్రం బలహీనంగా ఉంటే పెంచుతుంది. అదే షిఫ్టర్‌ను గట్టి స్ప్రింగులతో, బాడీతో సంబంధం లేకుండా మొత్తంగా గేర్‌బాక్స్‌కే బిగిస్తే తగ్గిస్తుంది. మస్టాంగ్ కోసం ఎంజీడబ్ల్యూ అనే కంపెనీ చేసిన రేస్ స్పెక్ షిఫ్టర్ ఈ రెండో దారిలోనే నడుస్తుంది. దాన్ని మెచ్చుకోవాల్సింది ముందు ఆ బిగింపుకి. కదలిక కురచ కావడం ఆ తర్వాతి సంగతి.

ఈ వ్యాపారం పుట్టుక కూడా ఇదే చెబుతుంది. 1950ల చివర పెన్సిల్వేనియాలో జార్జ్ హర్స్ట్ మొదలుపెట్టిన కంపెనీ పేరు తెచ్చుకున్నది గట్టి షిఫ్టర్లతో. అప్పటి అమెరికన్ కార్ల గేరు కడ్డీలు వంగేవి, వదులయ్యేవి, పందెంలో సరిగ్గా కావలసినప్పుడు గేరు తప్పించేవి. హర్స్ట్ వాటిని గట్టి లోహంతో, ఖచ్చితమైన కీళ్లతో చేయించాడు. 1964లో పాంటియాక్ తన జీటీవోకి ఆ షిఫ్టర్లనే ఫ్యాక్టరీలో అమర్చింది. ఆ తర్వాతి కాలపు మస్టాంగ్‌లలో, అంటే 1980ల నాటి ఐదు గేర్ల టీ-5 బాక్స్ ఉన్నవాటిలో, మరో లోపం ఉండేది. రాడ్డు గేరులో పడ్డాక ఇక ముందుకు పోకుండా ఆపే అడ్డు లేదు. పందెంలో చేతి బలమంతా లోపలి ఫోర్కుల మీద పడి అవి వంగేవి. బయటి షిఫ్టర్లు రెండు బోల్టులతో ఆ అడ్డు పెట్టాయి: గేరు పూర్తిగా పడ్డాక బోల్టు రాడ్డును తాకుతుంది, మిగిలిన బలాన్ని తను తీసుకుంటుంది. ఈ బోల్టులను సరిగ్గా సర్దడం తెలియని చోట బిగిస్తే గేరు సగమే పడి జారిపోతుంది కూడా. ఆ రోజుల్లో ఈ షిఫ్టర్లు గేర్‌బాక్స్‌ని కాపాడిన మాట నిజం. కాపాడినవి ఆ అడ్డు బోల్టులే.

నా సలహా అడిగేవాళ్లకు మొదట చెప్పేది, డబ్బు పెట్టేలోపు జబ్బు ఎక్కడుందో చూడమని. ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి గేర్లన్నీ వేసి చూడాలి. ఆపినప్పుడు హాయిగా పడి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా మొదటి గేరూ రివర్సూ, మొరాయిస్తే అనుమానించాల్సింది రాడ్డును కాదు. క్లచ్ పూర్తిగా విడవడం లేదేమో, దాని ఆయిల్‌లో గాలి చేరిందేమో చూడాలి. ఒక్క గేరు మాత్రమే గరగరలాడుతుంటే ఆ గేరు సింక్రో అరిగి ఉండొచ్చు, దాన్ని ఏ షిఫ్టరూ బాగుచేయలేదు. గేర్‌బాక్స్ ఆయిల్ పాతబడినా, కంపెనీ చెప్పని రకం పోసినా రింగుల రాపిడి మారిపోతుంది. ఇవన్నీ సరిగా ఉండి, గేరులో ఉన్నప్పుడు కూడా రాడ్డు అటూ ఇటూ ఊగుతోందంటే బుష్‌లు చూడాలి. సివిక్ టైప్ ఆర్, ఎలాంట్రా ఎన్ వంటి ముందు చక్రాల కార్లలోనూ, మన దగ్గర 2023లో ఆరు గేర్ల మాన్యువల్ వచ్చిన ఐ20 ఎన్ లైన్‌లోనూ రాడ్డుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండేవి కేబుళ్లు. ఇలాంటి కార్లలో కేబుళ్ల కొసల దగ్గర, షిఫ్టర్ అడుగున ఉండే రబ్బరు బుష్‌లే ఎక్కువ ఆడతాయి. వాటి స్థానంలో గట్టివి వేస్తే, పూర్తి షిఫ్టర్ ఖర్చులో చిన్న భాగంతోనే చాలామంది వెతికే స్పష్టత దొరికిపోతుంది. అది చేశాక కూడా రాడ్డు ఎక్కువ దూరం పోతున్నట్టు అనిపిస్తే అప్పుడు కురచ షిఫ్టర్ గురించి ఆలోచించవచ్చు.

దీనికి ఎదురుచెప్పేవాళ్లు రెండు వైపుల నుంచీ వస్తారు. కంపెనీ ఇంజినీర్లు ఏళ్ల తరబడి పరీక్షించి పెట్టినదాన్ని ఎందుకు కదపాలన్నది ఒకటి. ఆ ఇంజినీర్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ వాళ్లు లక్షల మందికి ఒకే కారు చేస్తారు. చప్పుడు రాకూడదు, వణుకు చేతికి తెలియకూడదు, ధర పెరగకూడదు, బలం తక్కువున్న చెయ్యి కూడా నడపగలగాలి అన్నవి వాళ్ల షరతులు. రబ్బరు వాడింది అందుకే. ఫోర్డే 2021 మాక్ 1 మస్టాంగ్‌కి వచ్చేసరికి ఎంటీ-82 వదిలి ట్రెమెక్ గేర్‌బాక్స్ పెట్టుకుంది. ఎవరు ఎలా నడుపుతారన్నదాన్ని బట్టి సరైన జవాబు మారుతుందని కంపెనీకీ తెలుసన్నమాట. తన అవసరం తెలిసిన యజమాని ఆ రాజీల్లో ఒకదాన్ని మార్చుకోవడం తప్పేం కాదు, బదులుగా ఏం వదులుకుంటున్నాడో తెలిస్తే చాలు. గట్టి బిగింపుతో గేర్‌బాక్స్ రొద కేబిన్‌లోకి వస్తుంది. కొన్ని ఆర్‌పీఎంల దగ్గర రాడ్డు సన్నగా ఝుమ్మంటుంది. రోజూ ఆఫీసుకు నడిపే కారులో, పక్కన అమ్మానాన్నలు కూర్చునే కారులో అది చిన్న విషయం కాదు. రాడ్డు లోపల రబ్బరు పొర పెట్టిన రెండు ముక్కల షిఫ్టర్లు ఇలాంటివాళ్ల కోసమే దొరుకుతాయి.

రెండో వాదన బలమైనది. కురచ కదలికలో ఒక ఆనందం ఉంది, మణికట్టు చిన్నగా తిప్పితే గేరు పడడంలోనే మాన్యువల్ కారు మజా ఉంది, దాన్ని లెక్కలతో కొట్టేయకండి అంటారు. ఆనందం కోసమే మాన్యువల్ కొన్నప్పుడు ఆనందాన్ని కొలమానం చేసుకోవడం న్యాయమే. నేను అడిగేది ఆ ఆనందం ఎక్కడి నుంచి వస్తోందని. గేరు బాగా పడుతుందని దశాబ్దాలుగా పొగడ్తలు పొందుతున్న మజ్దా మియాటాలో రాడ్డు నేరుగా గేర్‌బాక్స్ నుంచే పైకి వస్తుంది, మధ్యలో ఆడేవి చాలా తక్కువ. కదలికా చిన్నదే, నిజమే. కానీ ఆ చిన్న కదలిక ఇంపుగా ఉండేది గేర్‌బాక్సూ సింక్రోలూ స్ప్రింగులూ దానికి తగ్గట్టు తయారై ఉండడం వల్ల. వదులు బుష్‌ల మీద కురచ రాడ్డు పెడితే కదలిక తగ్గుతుంది, ఆట మాత్రం తగ్గదు. మొత్తం ప్రయాణంలో ఆ ఆట వాటా ఇంకా పెరిగి, గేరు పడిందో లేదో అన్న అనుమానం మిగులుతుంది. డ్రాగ్ స్ట్రిప్ మీద పావు మైలు పరుగెత్తేవాళ్లకు కురచ కదలిక నిజంగా ఉపయోగమే. వాళ్ల చెయ్యి ఎలాగూ పూర్తి బలంతో పడుతుంది, సింక్రో ఒత్తిడి లెక్క వాళ్లను అంతగా బాధించదు. అయితే వాళ్లకు కూడా ముందు కావలసింది అడ్డు బోల్టులూ, గేర్‌బాక్స్‌తో పాటే కదిలే బిగింపూ.

కొనబోయే షిఫ్టర్ గురించి అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్నలు దీన్నిబట్టే తేలతాయి: దేనికి బిగుస్తుంది, పక్కల కదలికను ఎంత కుదిస్తుంది, మధ్యకు తెచ్చే స్ప్రింగులు ఎంత గట్టివి, రివర్స్‌లో పొరపాటున పడకుండా కంపెనీ పెట్టిన లాక్ అలాగే పనిచేస్తుందా, అరిగే భాగాలు విడిగా దొరుకుతాయా. వీలుంటే అదే షిఫ్టర్ ఉన్న కారును, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా నడిపి చూడాలి. చల్లని ఆయిల్‌లో పొట్టి రాడ్డు ఎంత మొండికేస్తుందో పొద్దున్నే తెలిసిపోతుంది. అమెరికాలో ఉన్నవాళ్లు వారంటీ గురించి భయపడతారు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, బయటి భాగం బిగించారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీని రద్దు చేయకూడదు. ఆ భాగమే నష్టానికి కారణమని తేలితే మాత్రం ఆ మరమ్మతుకు డబ్బు ఇవ్వనక్కర్లేదు. విరిగిన సింక్రో మీద ఆ వాదన మొదలైతే యజమానికి అక్కరకొచ్చేవి షిఫ్టర్ ఎవరు బిగించారో చెప్పే బిల్లూ, అడ్డు బోల్టులు ఎలా సర్దారన్న వివరమూ. తీసేసిన పాత షిఫ్టర్‌ను బుష్‌లతో సహా పారేయకుండా దాచుకోవడం కూడా అందుకే అవసరం.