ఆలుగడ్డ మీద తెల్ల దుప్పటి

వంట గురించి రాయడం నాకు అలవాటు లేదు. ఛందస్సు గురించో, పాత పత్రికల గురించో నాలుగు మాటలు రాసుకునే చోట ఈ ఆలుగడ్డలు దొర్లించడమేమిటని మిత్రులు కొందరు నొసలు ముడివేయవచ్చు. వేయనీండి. కడుపు మండినవాడికి కందపద్యం గుర్తుకు రాదు.

2024 మే నెలలో హిమాయత్‌నగర్‌లోనే మా బంధువుల ఇంట గృహప్రవేశం జరిగింది. మేడ మీద షామియానా వేసి విందు ఏర్పాటు చేశారు. పులిహోర, బగారా అన్నం, గుత్తివంకాయ, పెరుగువడ అన్నీ దాటి వెళితే వరుస చివర ఒక పెద్ద గాజుపాత్ర, దాని ముందు "జర్మన్ పొటాటో సలాడ్" అని రాసిన అట్టముక్క. పాత్రలో ఆలుగడ్డ జాడ లేదు. పైనంతా తెల్లగా, నున్నగా, దుప్పటి కప్పినట్లు మయొనీసు. ఇదేమిటని వడ్డించే కుర్రవాణ్ణి అడిగితే, "పొద్దున మేమే గుడ్లు కొట్టి చేసినం సార్, సీసాది కాదు" అన్నాడు, గర్వంగానే. అప్పటికి మధ్యాహ్నం రెండయింది. షామియానా కింద ఎండ ఎలా ఉంటుందో ఈ నగరంలో మే నెల గడిపినవారికి చెప్పనవసరం లేదు.

మా అమ్మకు 78 ఏళ్లు. పళ్లు సరిగా లేవు కనుక మెత్తనిదేదైనా ఇష్టమే. రెండుసార్లు పెట్టించుకున్నది. ఆ రాత్రి మొదలైన వాంతులు తెల్లవారినా తగ్గలేదు. మూడు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. కారణం ఆ సలాడేనని నేను రుజువు చేయలేను. గాజుపాత్రలో మిగిలినదాన్ని పరీక్షకు పంపినవారెవరూ లేరు. అది తిన్నవారిలో మరో నలుగురు ఆ వారమంతా మంచం దిగలేదన్నది మాత్రం నాకు తెలుసు.

అమ్మ కోలుకున్నది. కోలుకున్నాక ఆమె అన్న మొదటి మాట: "జర్మనీవాళ్ల తిండి మన ఒంటికి పడదురా." ఆ మాట అక్కడితో ఆగలేదు. చూడవచ్చిన చుట్టాలందరూ తలా ఒక కొసరు వేశారు. చలిదేశపు తిండి వేడిదేశానికి పనికిరాదన్నారొకరు. మన వేపుడు మనకుండగా ఈ వేషాలెందుకన్నారు ఇంకొకరు. చేసినవాడొకడు, నింద మోసేది వేరొకరు. నా తగవంతా ఈ నింద గురించే.

జర్మనీలో ఆలుగడ్డ సలాడ్ ఒక్కటి కాదు. ఉత్తరాదివారు మయొనీసు వేస్తారు, ఊరబెట్టిన దోసకాయ ముక్కలు, ఉడికించిన గుడ్డు, కొన్నిచోట్ల ఆపిల్ కూడా కలుపుతారు. ఆ మాట దాచను. కానీ దక్షిణాన, స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ష్వాబియా ప్రాంతంలోను, బవేరియాలోను, సరిహద్దు దాటితే వియన్నాలోను మయొనీసు ఊసే ఉండదు. ఉడికిన ఆలుగడ్డలను వేడి మీదే చక్రాలుగా తరిగి, వాటిమీద వేడి సూపురసం, వినెగర్, ఆవాల ముద్ద, ఉల్లిముక్కలు, చివర నూనె. అంతే. క్రిస్మస్ ముందు రాత్రి జర్మనీలో లెక్కలేనన్ని ఇళ్లలో భోజనమంటే సాసేజీలు, ఆలుగడ్డ సలాడే. ఆ పండుగపూట దక్షిణాది బల్లల మీద ఉండేది ఈ పుల్లని సలాడు. మరి హైదరాబాదు విందుల్లో "జర్మన్" అనగానే సగం దేశాన్ని కొట్టివేసి, మిగిలిన సగాన్ని తెల్ల ముద్దలో ముంచి పెట్టడం ఎవరిచ్చిన అధికారం? మన పులిహోరకు పెరుగు కలిపి "ఆంధ్రా రైస్" అని బెర్లిన్‌లో ఎవరైనా అమ్మితే ఊరుకుంటామా?

ఇక "మన తిండి, వాళ్ల తిండి" అనే వాదం. ఆలుగడ్డ మనదీ కాదు, జర్మనీవారిదీ కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో పుట్టి ఐరోపావారి ఓడలెక్కి లోకమంతా తిరిగింది. ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ 1756లో దీన్ని రైతుల చేత పండింపజేయాలని అధికారులకు ఆజ్ఞాపత్రం జారీ చేయవలసి వచ్చింది. పోట్స్‌డామ్‌లో ఆయన సమాధి మీద జనం నేటికీ ఆలుగడ్డలు పెట్టి పోతుంటారు. పేరు విషయంలోనూ మనమూ వారూ ఒకే బాపతు. నేలలో దొరికే ట్రఫుల్ అనే శిలీంధ్రానికి ఇటలీలో ఉన్న పేరును తెచ్చి వారు దీనికి "కార్టోఫెల్" అని తగిలించారు. దుంపలకు మనకున్న పాత మాట "ఆలువు"ను పట్టుకుని మనం ఆలుగడ్డ అన్నాం. కోస్తావారికి ఇది బంగాళం నుండి వచ్చిన దుంప, రాయలసీమవారికి ఉర్లగడ్డ. కొత్త చుట్టానికి ఇంట్లో ఉన్న పాత పేరే పెట్టుకున్నాం అందరం. మిరపకాయ కూడా అమెరికా ఖండాల నుండే వచ్చిన సంగతి మా చుట్టాలకు చెప్పలేదు. పాపం, ఆవకాయ మానేస్తారేమోనని.

మే నెలలో మా ఇంట జరిగినది అక్టోబరుకు నగరానికంతటికీ అనుభవమయింది. 2024 అక్టోబరులో బంజారాహిల్స్ ప్రాంతంలో మోమోలు తిని చాలామంది జబ్బుపడ్డారు, ఒక మహిళ చనిపోయింది. ఆ నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయొనీసును ఏడాదిపాటు నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అదే పని చేసింది. నిషేధాన్ని నేను తప్పుపట్టను. కానీ అప్పుడు జరిగిన చర్చ చూశారా? మయొనీసు లేకపోతే సలాడ్ ఎలా, శాండ్‌విచ్ ఎలా అని ఒకటే గగ్గోలు. గుడ్డు లేని మయొనీసు ఉందిగా అని కొందరి ఓదార్పు. ఇంతకీ మయొనీసు దేనికి అని అడిగినవారు నాకు కనబడలేదు. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి పచ్చి గుడ్డులో ఉండవచ్చు. వేడి చేయని గుడ్డుతో, చాలినంత పులుపు లేకుండా చేసి ఎండలో గంటల తరబడి ఉంచితే అది పెరుగుతుంది. 32 డిగ్రీలు దాటిన వేడిలో ఇటువంటి పదార్థాలను గంటకు మించి బయట ఉంచరాదని ఆహార శాస్త్రజ్ఞులు చెబుతారు. మా షామియానా కింద అది కనీసం మూడు గంటలున్నది.

అలాగని మయొనీసు తీసేస్తే చాలు, భయం లేదనీ అనను. ఉడికించి బయట వదిలేసిన ఆలుగడ్డ కూడా పాడవుతుంది. నేను చెప్పబోయే సలాడు కూడా చేసిన పూటే తినాలి. కాకపోతే ఇందులో పచ్చి గుడ్డు లేదు. పైగా దీన్ని గోరువెచ్చగా తినాలే తప్ప మంచుపెట్టెలో దాచి తినే అవసరమే లేదు. మన వంటింటికి తగినది ఇది కాక మరేమిటి?

మా మేనకోడలు స్టుట్‌గార్ట్‌లో చదువుకుంటున్నది. 2025 సంక్రాంతికి వచ్చినపుడు అమ్మమ్మ మాట విని నొచ్చుకున్నది. "మామయ్యా, అక్కడ మా ఇంటామె ముందు మయొనీసు పేరెత్తితే భోజనం దగ్గరనుంచి లేపేస్తుంది. రేపు నేను చేస్తాను, మార్కెట్‌కు పోదాం పద" అన్నది. చిక్కడపల్లి మార్కెట్‌లో మేము ఎప్పుడూ కొనే ఆమె, "వేపుడుకా, కూరకా సార్?" అని అడిగింది. మేనకోడలు నవ్వింది. జర్మనీ దుకాణాల్లో సంచుల మీదే రాసి ఉంటుందట: ఉడికినా గట్టిగా నిలిచేవి, నడిమి రకం, పిండిగా విరిగేవి అని. సలాడ్‌కు మొదటి రకమే కావాలి. మనకు సంచి మీద రాతలుండవు, అమ్మేవారి నోట ఉంటుంది. జనవరిలో జహీరాబాద్ వైపు నుండి వచ్చే పలుచని తోలు కొత్త గడ్డలు ఉడికినా చెదరవు. శీతల గిడ్డంగిలో నెలల తరబడి నిలవున్న పాత గడ్డలో పిండి కొంత చక్కెరగా మారి తియ్యబడుతుంది. అది వద్దు.

కిలో గడ్డలు, ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉన్నవి, తోలుతోనే ఉప్పునీళ్లలో ఉడికించాలి. కుక్కరు వాడకండి, పగిలిపోతాయి. కత్తిమొన సులువుగా దిగగానే వంచేసి, చేయి కాలుతున్నా సరే వేడి మీదే తోలు తీసి, పలుచని చక్రాలుగా కోయాలి. అక్కడ ఎద్దు ఎముకల రసం పోస్తారు. మేము క్యారెట్, ఉల్లి, మిరియాలు, రెండు లవంగాలు అరగంట మరిగించి వడకట్టిన రసం పోశాం. పావు లీటరు కన్నా కాస్త ఎక్కువ. అందులో నాలుగు చెంచాల వినెగర్, ఉప్పు, మిరియాల పొడి, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి. వినెగర్ కొనేటప్పుడు సీసా తిప్పి చదవండి. ఎసిటిక్ ఆమ్లాన్ని నీళ్లలో కలిపినదైతే "సింథటిక్" అని రాసి ఉంటుంది. దానితో చేస్తే ముక్కు పగిలే ఘాటే తప్ప రుచి రాదు. బరువు తగ్గడానికని ఈ మధ్య ఇంటింటా తెచ్చి మూలన పడేస్తున్న ఆపిల్ వినెగర్ ఉన్నదే, అది ఇక్కడ నిజంగా పనికివస్తుంది.

వేడి రసాన్ని వేడి ముక్కల మీద పోసి పావుగంట కదిలించకుండా వదిలేయాలి. చల్లారిన ముక్క పులుపును పీల్చదు, పైపైనే ఉంచుకుంటుంది. నూనె ముందుగా వేసినా అదే ప్రమాదం, ముక్కకు పూత పట్టి రసాన్ని లోపలికి పోనివ్వదు. అందుకే నూనె చివర. కలిపేటప్పుడు తడితడిగా చప్పుడు రావాలని ష్వాబియావారి కొలత. పొడిగా, ముద్దగా ఉంటే మరికొంత రసం పోయాలి. పైన ఉల్లికాడలు.

ఆవాల దగ్గర మా ఇంట్లో పెద్ద తగవే నడిచింది. మేనకోడలు అక్కడినుంచి ఆవముద్ద గొట్టం తెచ్చింది. అమ్మ అంతవరకు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని అపనమ్మకంగా చూస్తున్నదల్లా, "ఆవ ఎప్పుడు వేస్తావు?" అని అడిగింది. దించాక, రసం కాస్త చల్లబడ్డాక అని చెప్పగానే, "మరి ఇది ఆవపెట్టిన కూరే కదటే" అన్నది.

నేను ఇన్ని పేరాల్లో చెప్పలేకపోయిన సంగతి అదే. కంద బచ్చలి కూర ఎలా చేస్తాం? దుంప ఉడికిస్తాం, పులుపు పట్టిస్తాం, పొయ్యి దించాక నూరిన ఆవ కలుపుతాం. పొయ్యి మీద ఉడికిస్తే ఆవ ఘాటు పోయి చేదు మిగులుతుందని మన అమ్మమ్మలకు తెలుసు, స్టుట్‌గార్ట్ అమ్మమ్మలకూ తెలుసు. చింతపండు ఉన్న చోట వినెగర్, బచ్చలి ఉన్న చోట ఉల్లికాడ. ఇంత దగ్గరి చుట్టాన్ని మనకు కనబడకుండా చేసింది ఆ తెల్ల దుప్పటే. ఆ పాత్రలో పులుపు తెలియదు, ఆవ తెలియదు, ఆఖరికి ఆలుగడ్డ కూడా తెలియదు. నూనె, చక్కెర, మెత్తదనం. అదే నాగరికమని నమ్మించి, గృహప్రవేశాల్లో గంటెడు చొప్పున వడ్డిస్తున్నారు.

ఇది చదివి ఎవరో ఒకరు తప్పక అడుగుతారు: అయితే పోపు పెట్టి, పచ్చిమిర్చి వేసి, పైన చాట్ మసాలా చల్లితే ఇంకా బాగుంటుంది కదా అని. బాగుండవచ్చు. చేసుకోండి, నాకూ పెట్టండి. దానికి మాత్రం జర్మన్ అని పేరు పెట్టకండి. మయొనీసు పోసినవాడిని ఇంతసేపు తిట్టిపోసి, ఇంగువ వేసినవాడిని వెనకేసుకురాలేను. చుట్టరికం ఉన్నదని చెప్పి చుట్టం చొక్కా విప్పి మన పంచె కట్టడం మర్యాద కాదు.

ఆ సాయంత్రం అమ్మకు కొంచెమే పెట్టాం, భయం భయంగానే. తిని, చేయి కడుక్కుని వచ్చి, "బాగానే ఉంది. ఆవ చాల్లేదు" అన్నది. మర్నాడు తనే రోట్లో ఆవ నూరి ఇచ్చింది. గొట్టంలోని ముద్ద అలాగే మా ఫ్రిజ్ తలుపులో ఉన్నది, కావలసినవారు వచ్చి తీసుకుపోవచ్చు.